అమ్మ వీణ మినియాపొలిస్ చలికి తట్టుకుంటుందా?

అనంతపురం నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. నిరుడు మార్గశిరంలో వాళ్ళమ్మగారు పోయారు. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనే పిల్లలకు వీణ నేర్పిన మనిషి. ఇంట్లో ఉన్న వీణ ఈవిడ తాతగారు మద్రాసులో ఒక సంగీతం వాళ్ళింటి నుంచి కొని తెచ్చినది, తెచ్చేనాటికే పాతదట. పొడవాటి మెడలాంటి దండి అంచుల పొడవునా తెల్లటి నగిషీ ఉంది. అది ఏనుగు దంతమని అమ్మగారు చెప్పేవారట.

ఈవిడకు ఒక్కతే చెల్లెలు. అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రం మినియాపొలిస్‌లో ఉంటుంది. చెల్లెలి కూతురికి పదకొండేళ్ళు. అద్దెకు తెచ్చుకున్న చిన్న వీణ మీద ఆన్‌లైన్లో పాఠాలు నేర్చుకుంటోంది. అమ్మ సంవత్సరీకానికి చెల్లెలు వచ్చే నెల వస్తోంది, జనవరి మొదటి వారంలో తిరుగు ప్రయాణం. "పోయేటప్పుడు అమ్మ వీణ తీసుకుపోతా అక్కా, పాప వాయిస్తుంది" అని ఫోన్లో అంది. ఈవిడకు గుండె గుభేలుమంది. "మీ ఊరి చలికి అది పగిలిపోతుందే" అనేశారు. చెల్లెలు ఊరుకోలేదు. "పగిలేదుంటే మన అనంతపురం ఎండలకే పగిలేది కదక్కా. ఇవ్వడం ఇష్టం లేదని చెప్పు, చలి మీద పెట్టొద్దు" అంది. అప్పట్నుంచి ఇద్దరూ టికెట్ల గురించీ పురోహితుడి గురించీ తప్ప ఇంకేమీ మాట్లాడుకోవడం లేదు.

ఇంకో రెండు సంగతులు ఉత్తరం చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు రాశారు. నా దృష్టిలో ముఖ్యమైనవి అవే. వీణ ఇప్పటికే కాస్త దెబ్బతిని ఉంది. కింది గుండ్రటి కుండ, దండి కలిసే అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు కనబడుతోంది. పోయిన మే నెలలో, స్వరాల కోసం దండి మీద నిలబెట్టే మెట్లలో నాలుగు పక్కకు ఒరిగాయి. వేసవిలో ఆ గదిలో కూలరు నడుస్తుందట. రెండో సంగతి, ఆ వీణ మూలన పడి లేదు. అమ్మగారి చివరి శిష్యురాలు, ఒక టైలరు కూతురు, పదో తరగతి పిల్ల, శని ఆదివారాలు సాయంత్రం వచ్చి దాని మీదే సాధన చేసుకుంటుంది. ఆ పిల్లకు సొంత వీణ లేదు. ఇది చెల్లెలికి తెలియదు. "బయటి పిల్లకైతే ఇస్తావు, నా కూతురికి ఇవ్వవా అంటుందేమోనని చెప్పలేదు" అని రాశారు.

అడిగినవి మూడు. నిజంగానే చలికి వీణ పాడవుతుందా? నాది స్వార్థమా? ఆ అమ్మాయికి ఏమని చెప్పను?

అమ్మా,

మీ చెల్లెలు అన్నదాంట్లో సగం న్యాయం ఉంది. మీరన్నదాంట్లోనూ సగం న్యాయం ఉంది. వీణ పగులుతుందా అన్నది ఒక ప్రశ్న. వీణ ఎవరి దగ్గరుండాలి అన్నది వేరే ప్రశ్న. మొదటిది కర్రకూ గాలికీ సంబంధించింది, దానికి నేను జవాబు చెప్పగలను. రెండోది మీ అక్కచెల్లెళ్ళిద్దరూ కూర్చుని తేల్చుకోవలసింది. మీరు రెండోదాని బరువంతా మొదటిదాని మీద మోపారు. చెల్లెలికి అది వెంటనే తెలిసిపోయింది. ఆ విసురు అందుకే.

ముందు కర్ర సంగతి చూద్దాం.

వీణకు వాడేది పనస. ఎంత పాతదైనా, ఎంత బాగా ఆరినదైనా, కర్ర చుట్టూ ఉన్న గాలిలోంచి తేమ తీసుకుంటూ వదులుతూనే ఉంటుంది. తీసుకుంటే ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. వానాకాలంలో తలుపు బిగుసుకుని ఎండాకాలంలో వదులయ్యేది ఇందుకే. ఈ మార్పు కర్ర పొడవునా దాదాపు కనబడదు, అడ్డంగానే ఎక్కువ. అందుకని తీగను బిగించే బిరడా ఎండినప్పుడు పూర్తి గుండ్రంగా ఉండదు, కొంచెం కోలగా అవుతుంది. రంధ్రంలో పట్టు జారుతుంది. ఇలా శ్రుతి చేసి అలా చెయ్యి తీసేలోపు తీగ దిగిపోతుంది. మీ అమ్మగారు మార్చి, ఏప్రిల్ నెలల్లో బిరడాలకు సుద్దముక్క రాయడం మీరు చూసే ఉంటారు.

కాబట్టి ఉత్త చలి వీణకు పెద్ద శత్రువేమీ కాదు, అసలు శత్రువు పొడిగాలి. చల్లగాలిలో నీటి ఆవిరి చాలా తక్కువ పడుతుంది. మినియాపొలిస్‌లో జనవరి రాత్రి సున్నాకు పది, పదిహేను డిగ్రీలు కిందకు పోవడం మామూలు. ఆ గాలే ఇంట్లోకి వచ్చి హీటరుకు 21 డిగ్రీలకు వేడెక్కుతుంది. అందులో ఉన్న కాస్త ఆవిరీ పెరగదు, గాలి మోయగలిగే ఆవిరి మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. శాతం లెక్క వేస్తే పది కంటే కూడా తక్కువ రావచ్చు. మీరు లెక్కల టీచరు, ఈ ముక్క మీకు ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. వంట, స్నానాలు, మనుషుల ఊపిరి అన్నీ కలిసి ఇంట్లో తేమ పదిహేను, ఇరవై శాతం దాకా రావచ్చు. కర్ర వాద్యాలకు హాయిగా ఉండేది 40 నుంచి 60 శాతం మధ్య.

మరి మన ఎండలకు పగలనిది అక్కడెందుకు పగలాలి? చెల్లెలి ప్రశ్న సరైనదే, దానికి సరైన జవాబు ఇవ్వాలి. అనంతపురం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఊరు. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాలు మన గాలిలోనూ తేమ పాతిక శాతం దరిదాపులకు పడిపోతుంది. తేడా అంతా రాత్రుల్లో ఉంది. మనకు పొద్దుగూకి చల్లబడ్డాక తేమ శాతం పెరగడం మొదలవుతుంది, తెల్లవారుజాముకు మధ్యాహ్నం ఉన్నదానికి చాలా ఎక్కువ ఉంటుంది. కర్ర ఏ మార్పుకైనా నెమ్మదిగా లోబడేది కాబట్టి, మధ్యాహ్నం పోగొట్టుకున్నదాంట్లో కొంత రాత్రికి పూడ్చుకుంటుంది. ఆపైన జూన్ నుంచి ఎన్నో కొన్ని వానలు. హీటరు వేసిన ఇంట్లో ఈ వెసులుబాటు లేదు. నవంబరు నుంచి మార్చి దాకా పగలూ రాత్రీ ఒకటే పొడి. అన్ని నెలలు అలాగే ఉంటే కర్ర లోపలిదాకా ఎండుతుంది. కుండ మీద పలక కుంగవచ్చు, అతుకులు విడవచ్చు. మీ వీణకు అతుకు దగ్గర సందు ఇప్పటికే ఉంది. ఏ ఏర్పాటూ లేకుండా తీసుకెళితే ఒక్క శీతాకాలానికి ఆ సందులో గోరు దూరినా ఆశ్చర్యం లేదు.

మెట్ల సంగతి వేరు. అక్కడ నేరుగా వేడి, చలే పనిచేస్తాయి. వీణకు 24 మెట్లు. మైనంలో నల్లపొడి కలిపి చేసిన ముద్దను దండి మీద రెండు వరసలు పెట్టి, ఒక్కో మెట్టునూ స్వరం చూసుకుంటూ అందులో నిలబెడతారు. మేళం కట్టడం అంటే అదే. చేసేవాడి చెవి మీద ఆధారపడిన పని, మెట్టు బియ్యపుగింజంత జరిగినా గాంధారం గాంధారంగా ఉండదు. మే నెలలో మీ మెట్లు ఒరిగాయన్నారు కదా, గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడానికి, తీగను పక్కకు లాగినప్పుడు ఆ బలమంతా మెట్టు మీద పడుతుంది, కింద మైనం వేడికి మెత్తబడి ఉంటే మెట్టు ఒరుగుతుంది. ఆ అమ్మాయి తప్పేమీ ఉండదు, ఎప్పుడైనా మందలించి ఉంటే ఆ మాట కూడా చెప్పండి. చలిలో దీనికి తలకిందులు. మైనం రాయిలా గట్టిపడి పెళుసుగా అవుతుంది. అప్పుడు పెట్టె ఒక్కసారి దభీమని కింద పడితే మెట్టు మైనం పెచ్చుతో సహా ఊడి వస్తుంది. ఇక్కడైతే బెంగళూరో తంజావూరో తీసుకెళ్ళి మేళం కట్టించుకుంటారు. మినియాపొలిస్‌లో ఆ పని తెలిసిన చెయ్యి దొరకడం కష్టం. చెల్లెలితో మాట్లాడేటప్పుడు చలి, పగుళ్ళు అని భయపెట్టకుండా ఈ మేళం సంగతి అడగండి. మెట్టు ఊడితే ఎవరి దగ్గరికి తీసుకెళతావు అని. అది నిజమైన ప్రశ్న.

ఇంకొకటి, ప్రయాణంలో జరిగే హఠాత్తు మార్పు. వీణ నాలుగడుగులు దాటుతుంది కాబట్టి విమానంలో సీటు పైన పెట్టుకోవడం కుదరదు, సామాన్లతో కింద పోతుంది. గాలిలో ఉన్న గంటల కంటే విమానం దిగాక బండి మీద ఆరుబయట ఎదురుచూసే సమయమే ఎక్కువ ప్రమాదం. గడ్డకట్టే చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి తెచ్చి వెంటనే పెట్టె తెరిస్తే, చల్లబడిన వీణ ఒంటి మీద, తీగల మీద, పలక లోపల కూడా నీటి చెమ్మ పడుతుంది. పాలిష్ మీద సాలెగూడులా సన్నటి గీతలు వస్తాయి. తెచ్చిన పెట్టెను కనీసం ఒక రోజంతా మూత తీయకుండా అలాగే ఉంచితే ఈ నష్టం తప్పుతుంది. పిల్ల ఆత్రపడుతుంది, అయినా ఆగాల్సిందే.

ఇవన్నీ చదివి "చూశావా, పంపకూడదని ఆయనే అన్నారు" అని చెల్లెలికి ఫోన్ చేయకండి. నేను అలా అనడం లేదు. మిన్నెసోటా ఆర్కెస్ట్రా 1903 నుంచి ఆ ఊళ్ళోనే ఉంది. వయొలిన్లు, చెల్లోలు, పియానోలు ఆ చలిలోనే బతుకుతున్నాయి. అక్కడివాళ్ళు వాద్యాలను ఒక పద్ధతిగా చూసుకుంటారు, అంతే. తేమ కొలిచే చిన్న మీటరు గదిలో పెడతారు. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ ఆ ఒక్క గదిలో నడిపి తేమ 40 శాతానికి తగ్గకుండా చూస్తారు. బయట మరీ గడ్డకట్టినప్పుడు కిటికీ అద్దాలకు నీళ్ళు కారతాయి కాబట్టి అప్పుడు 35తో సరిపెట్టుకుంటారు. వాయించనప్పుడు వాద్యం పెట్టెలో ఉంటుంది, పెట్టె హీటరు గాలి తగలని లోపలి గోడ పక్కన ఉంటుంది. ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. సబ్బు డబ్బాకు సూదితో చిల్లులు పొడిచి, తడిపి బాగా పిండిన స్పాంజి అందులో పెట్టి, కర్రకు తగలకుండా పెట్టెలో ఒక మూల ఉంచడం. స్పాంజి ఆరిందేమో రెండు మూడు రోజులకొకసారి చూడాలి. పదకొండేళ్ళ పిల్ల ఈ పని బాధ్యతగా చేయగలదు. చేయడానికి ఇష్టపడుతుందా లేదా అన్నది చూస్తే ఆ వీణ మీద తనకెంత ధ్యాస ఉందో మీ ఇద్దరికీ తెలుస్తుంది.

ఇప్పుడు మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. ఆ తెల్లటి నగిషీ. పాత వీణలకు దంతం వాడేవారు, తర్వాత జింక కొమ్ము వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కే. మీది దంతమైనా, కొమ్మైనా, దాన్ని మామూలు సామానులా దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఎగుమతి నిబంధనలు రెండూ అడ్డం వస్తాయి. అమెరికా వైపు కూడా దంతం మీద గట్టి ఆంక్షలున్నాయి. అదే 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువును మనం సొంతంగా బయటికి పంపకూడదు. తాతగారు కొనేనాటికే పాతదన్నారు కాబట్టి ఈ వీణకు వందేళ్ళు నిండి ఉండే అవకాశం లేకపోలేదు. నిండలేదనుకుంటే పురావస్తు సర్వేక్షణ సంస్థ వాళ్ళకు చూపించి, ఇది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఇదేమీ చేయకుండా బెంగళూరు విమానాశ్రయానికి తీసుకెళితే, అక్కడ ఎవరైనా అధికారి నగిషీ చూసి ఆపితే, వీణ మీ ఇద్దరి దగ్గరా ఉండదు. వీణలు చేసేవాళ్ళకు చూపిస్తే అది దంతమో, కొమ్మో, ప్లాస్టిక్కో చెబుతారు, వయసు కూడా సుమారుగా చెబుతారు. చెల్లెలు రాకముందే ఈ పని చేయండి. ఒకవేళ దంతమనే తేలితే, "చట్టం ఒప్పుకోదట" అని ఊపిరి పీల్చుకుని ఊరుకోకండి. మొన్న చలిని అడ్డం పెట్టుకున్నట్టే ఇప్పుడు చట్టాన్ని అడ్డం పెట్టుకున్నారని మీ చెల్లెలు అనుకుంటుంది, మీ మధ్య ఉన్న సందు అలాగే ఉండిపోతుంది.

దంతం కాదు, వందేళ్ళూ కాలేదు అనుకుందాం. అప్పుడు మీ ముందు కొన్ని దారులున్నాయి.

జనవరిలో చెల్లెలితోనే పంపడం ఒక దారి. ఆవిడకు తృప్తి, పిల్లకు సంతోషం, మీకు మాట దక్కుతుంది. వీణకు మాత్రం ఏడాదిలో ఇంతకంటే చెడ్డ నెల లేదు. అతుకు దగ్గర సందు పడిన వాద్యం, గట్టి పెట్టె చేయించే వ్యవధి లేదు, దిగేసరికి అక్కడ నడి చలికాలం. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా నాకు ధైర్యం చాలదు. చెల్లెలు ఎంత పట్టుబట్టినా ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా నిలబడవచ్చు. అది స్వార్థం కాదు.

వచ్చే శ్రావణంలో పంపడం ఇంకో దారి. ఈలోపు అతుకు సరిచేయించి, మేళం కొత్తగా కట్టించి, లోపల మెత్తలు వేసిన గట్టి పెట్టె చేయించవచ్చు. ఆగస్టులో ఇక్కడా వానలు పడి గాలిలో తేమ ఉంటుంది, అక్కడా వేసవి, తేమ బాగానే ఉంటుంది. కర్ర ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి నెమ్మదిగా మారుతుంది. నవంబరు వచ్చేసరికి ఇంట్లో హ్యూమిడిఫయర్ అలవాటై ఉంటుంది. పంపేముందు సొరకాయ బుర్ర విప్పి విడిగా కట్టాలి, తీగలు ఒకటి రెండు స్వరాలు దించాలి, తీగలు ఆనే గుర్రం కింద పడకుండా పూర్తిగా వదులు చేయకూడదు, తీగలకూ మెట్లకూ మధ్య మెత్తటి నూలు గుడ్డ దూర్చాలి. ఇలా పంపితే వీణ క్షేమంగా చేరడానికి మంచి అవకాశం ఉంది. కానీ ఒకటి ముందే ఒప్పుకుని పంపండి. అక్కడికి వెళ్ళిన వీణ మళ్ళీ మళ్ళీ సముద్రాలు దాటి రాలేదు. పాపకు పదిహేనో ఏట ఆసక్తి పోయినా అది అక్కడే ఉంటుంది. ఆ సంగతి చెల్లెలు తన నోటితో ఆలోచించి చెప్పాలి.

వీణ ఇక్కడే ఉంచి, పాపకు కొత్తది కొనివ్వడం మరో దారి. పదకొండేళ్ళ పిల్ల చేతికి, అంత చలి దేశానికి, వీణ తయారీదారుకు చెప్పి చేయించినది నిజానికి ఎక్కువ సుఖం. మైనం లేకుండా మరలతో బిగించే మెట్లున్న వీణలు ఇప్పుడు చేస్తున్నారు, అక్కడ మేళం బాధ తప్పుతుంది. ఖర్చులో సగం మీరు పెట్టుకుంటే, అమ్మమ్మ పేరు మీద పెద్దమ్మ ఇచ్చిన వీణ అవుతుంది. దీనివల్ల వచ్చే నష్టమూ చెప్పాలి. చెల్లెలికి కావలసింది వీణ ఒక్కటే కాకపోవచ్చు. అమ్మ చనిపోయినప్పుడు ఆవిడ ఇక్కడ లేదేమో, మీ ఉత్తరంలో ఆ మాట లేదు. దూరాన ఉన్నవాళ్ళకు అమ్మ చేతులు తగిలిన వస్తువు ఒక్కటి దగ్గరుంటే చాలనిపిస్తుంది. కొత్త వీణ ఎంత మంచిదైనా ఆ లోటు తీర్చదు. ఆ పరిస్థితిలో అమ్మగారి పాఠాల నోట్సు పుస్తకాలు, ఆవిడ వేలికి పెట్టుకున్న మీటు, శ్రుతిపెట్టె, ఇలాంటివి మీరే ముందుగా తీసి చేతిలో పెట్టండి. అడిగించుకోకండి.

మీ దగ్గరే ఉంచుకునేట్టయితే ఇక్కడ దాన్ని ఇంతకంటే బాగా చూసుకుంటానని మాట ఇవ్వాలి. చెల్లెలు అడిగింది దాదాపు అదే కదా. ముందు ఆ కూలరు సంగతి. పాతిక శాతం తేమ ఉన్న గదిలో కూలరు వేయగానే గంటలో తేమ అరవై, డెబ్భైకి ఎక్కుతుంది, ఆపగానే మళ్ళీ దిగుతుంది. రోజూ ఇలా ఉబ్బి ముడుచుకుంటే ఏ అతుకైనా విడుతుంది. మీ వీణ మీద ఆ సందు పడింది ఇందువల్లే కావచ్చునని నా అనుమానం. కూలరూ ఏసీ లేని మధ్య గదిలోకి మార్చండి. పడమటి గోడకు ఆనించవద్దు, సాయంత్రానికి ఆ గోడ పొయ్యిలా ఉంటుంది. పై అంతస్తు రేకుల గది అసలే వద్దు. మన కర్నూలు, కడప వాళ్ళకూ ఇదే మాట. మే నెలలో కారు డిక్కీలో వాద్యం పెట్టి పెళ్ళికి పోవద్దు, మైనం కారిపోతుంది. సందు కనబడింది కదా అని ఫెవికాల్ పోయకండి, కొబ్బరినూనె రాయకండి, తర్వాత బాగుచేసేవాళ్ళకు జిగురు పట్టదు. పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలు.

ఈ దారుల్లో ఏది పట్టుకున్నా దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. చెల్లెలికి ఫోన్ చేసి టైలరు కూతురి సంగతి చెప్పడం. ఆవిడ ఇక్కడికి వచ్చాక, శనివారం సాయంత్రం తలుపు తట్టి ఆ పిల్ల లోపలికి వస్తే, ఆ క్షణంలో తెలియడం చాలా చెడ్డగా ఉంటుంది. ఇన్నాళ్ళూ చలి అని ఎందుకన్నావో ఇప్పుడర్థమైంది అంటుంది. ముందే చెబితే కోపం రావచ్చు, ఒకరోజు మాట్లాడకపోవచ్చు. కానీ ఆవిడ మనసులో ప్రస్తుతం ఉన్న బొమ్మ వేరు. అమ్మ వీణ దుమ్ముకొట్టుకుపోతూ గోడకు ఆనించి ఉందనీ, అక్క దాన్ని వాయించదు, ఇవ్వదు అనీ అనుకుంటోంది. అమ్మ చివరిగా వర్ణం చెప్పిన పిల్ల ఇంకా ఆ వీణ మీదే వాయిస్తోందని తెలిస్తే ఆ బొమ్మ మారవచ్చు. మారకపోయినా అబద్ధం మీద గొడవ పడటం ఆగుతుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా అనండి: "చలి అన్నది నిజమే గానీ, నాకు దాన్ని వదలబుద్ధి కావడం లేదు. అమ్మ శిష్యురాలు ఒకమ్మాయి వస్తోంది, నీకు చెప్పలేదు." ఇంతకంటే ఎక్కువ మొదటి ఫోన్లో అవసరం లేదు.

స్వార్థమా అని అడిగారు. తల్లి వాయించిన వస్తువు ఇంట్లోంచి పోతుందంటే దుఃఖం వస్తుంది, అది స్వార్థం కాదు. ఆ దుఃఖాన్ని చెల్లెలికి చెప్పకుండా కర్ర మీద పెట్టారు, సరిదిద్దుకోవలసింది అంతవరకే.

ఇక ఆ అమ్మాయి. నిర్ణయం అయ్యేదాకా ఆ పిల్లకు ఏ మాటా ఇవ్వకండి, భయపెట్టనూ వద్దు. పదో తరగతి పరీక్షల ఏడాది. పంపాలనే తేలితే శ్రావణం దాకా వ్యవధి ఉంటుంది, ఈలోపు వాడిన వీణ ఒకటి మంచి స్థితిలో ఉన్నది వెతకవచ్చు. వీణ మానేసిన ఇళ్ళు మన ఊళ్ళలో చాలానే ఉన్నాయి, స్కూల్లో తోటి టీచర్లను అడగండి. దాని ఖర్చు మీరూ చెల్లెలూ కలిసి పెట్టుకోవడం అనే ఆలోచన చెల్లెలి నోట రావచ్చు కూడా, అవకాశం ఇచ్చి చూడండి. పదో తరగతి అయ్యాక సంగీతంలోనే చదవాలనుకుంటే తిరుపతిలో దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, వాళ్ళ నాన్నతో ఒకసారి మాట్లాడండి. చెల్లెలు వచ్చినప్పుడు ఆ పిల్లను రావద్దని చెప్పకండి. శనివారం ఎప్పటిలాగే రమ్మనండి, అమ్మ నేర్పిన వర్ణం చెల్లెలి ముందు వాయించమనండి. ఆ పూట కూలరు అక్కర్లేదు ఎలాగూ, మార్గశిరమే కదా. వీణ మాత్రం ఇవాళే మధ్య గదిలోకి మార్చండి.